జీతం ఆగిన ఏడాది, జొన్న రొట్టెల బండి

2020 మార్చిలో స్కూలు మూసినప్పుడు పదిహేను రోజుల ముచ్చటే అనుకున్నాం. చందానగర్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగు, ఐదు తరగతులకు తెలుగు చెప్పేదాన్ని. జీతం 13 వేలు. ఏప్రిల్‌లో సగం ఇచ్చారు, మే నుంచి అదీ లేదు. ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక లెక్కల టీచర్నీ, ఇంగ్లీషు టీచర్నీ పిలిచారు. తెలుగు టీచరు లేకపోయినా వాళ్లకు పని నడిచింది.

మా ఆయన క్యాబ్ నడుపుతారు. ఐటీ ఆఫీసుల వాళ్లంతా ఇంట్లోంచే పని చేస్తుంటే క్యాబ్ ఎవరు ఎక్కుతారు? కారు వాయిదాలకు మారటోరియం, అంటే కొన్నాళ్లు కట్టకుండా ఆపుకునే వెసులుబాటు, ఉండబట్టి ఆగస్టు దాకా నెట్టుకొచ్చాం. అది ఆగస్టు 31తో అయిపోయింది. సరిగ్గా ఆ సాయంత్రమే టీవీలో, ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశ జీడీపీ 23.9 శాతం పడిపోయిందని చెప్తున్నారు. మా అత్తమ్మ పల్లీలు ఒలుస్తూ "గదేందిరా?" అని అడిగింది. "పోయిన ఏడాది వంద రూపాయల పని నడిచిన కాడ ఇప్పుడు డెబ్బై ఆరే నడుస్తుందమ్మా" అన్నారు మా ఆయన. ఆమె కాసేపు ఆలోచించి, "మరి మనం గా పోయిన ఇరవై నాలుగులనే ఉన్నమా?" అంది.

ఏదో ఒకటి అమ్మాలన్న ఆలోచన అప్పటికి నెల రోజులుగా నలుగుతూనే ఉంది. అందరిలాగే నేనూ మొదట ఇడ్లీ, దోసె బండి అనుకున్నాను. కానీ మా సందు నుంచి మెయిన్ రోడ్డు దాకా నడుస్తూ లెక్క పెడితే, లాక్‌డౌన్‌కు ముందు నాలుగున్న టిఫిన్ బళ్లు తొమ్మిదయ్యాయి. ఉద్యోగం పోయిన ప్రతివాడికీ ముందు గుర్తొచ్చేది ఇడ్లీయే కాబోలు. తినేవాళ్లేమో తగ్గారు. హాస్టళ్లు ఖాళీ. ఇళ్లల్లో ఉన్నవాళ్లు యూట్యూబ్ చూసి జిలేబీలు కూడా సొంతంగా వేసుకుంటున్నారు. బయటి తిండంటే భయం, పైగా చేతిలో డబ్బులు ఆడట్లేదు.

దారి మా ఇంటి గుమ్మంలోకే వచ్చింది, నేనే ఆలస్యంగా గమనించాను. పక్క వాటాలో ఉండే ఆంటీ వారానికి రెండుసార్లు డబ్బాలో పిండి పట్టుకొచ్చి, "షుగర్ కదా, రాత్రికి జొన్న రొట్టె తినమన్నారు, నాకు చేయరాదు" అని మా అత్తమ్మ చేత నాలుగు రొట్టెలు చేయించుకుని పోయేది. తర్వాత పై అంతస్తు వాళ్లు. ఆ తర్వాత వాళ్ల చుట్టాలు. కూర అందరూ ఇంట్లో వండుకుంటున్నారు, రొట్టె దగ్గరే ఆగిపోతున్నారు. మనిషికి చేతకాని పని ఒక్కటి చేసిపెడితే, చేతిలో డబ్బు తక్కువున్నా దానికి ఇస్తాడని అప్పుడు అర్థమైంది.

అత్తమ్మది జహీరాబాద్ పక్క పల్లె. నేను పుట్టింది నల్గొండ వైపు, అన్నం మనిషిని. పెళ్లయిన పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రొట్టె కొట్టలేదు. ఆమె మాట్లాడుతూనే చేస్తుంది, చేతుల వైపు చూడదు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషిని గంటల తరబడి రోడ్డు మీద నిలబెట్టలేను కాబట్టి నేను నేర్చుకోక తప్పలేదు.

గోధుమ పిండిలా జొన్నపిండి సాగదు. మసిలే నీళ్లు పోస్తేనే దానికి జిగి వస్తుంది. నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, బుడగలు పొర్లేటప్పుడు పిండిలో పోసి, కర్రతో కలిపి మూత పెట్టాలి. చెయ్యి పట్టేంత చల్లారాక అరచేతి కింది భాగంతో నొక్కి నొక్కి పిసకాలి. ముద్ద చేసి, పీట మీద పొడిపిండి చల్లి, కుడిచేత్తో కొడుతుంటే రొట్టె తనంతట తనే తిరుగుతూ పెద్దదవుతుంది. అత్తమ్మకు తిరిగేది. నాకు పీటకు అతుక్కునేది. పొడిపిండి అంటిన వైపు పైకి ఉండేలా పెనం మీద వేసి, తడిబట్టతో ఆ పిండినంతా తుడవాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే పైన గీతలు పడతాయి, ఇక పొంగదు.

ఇరవై రోజులు మా ఇంట్లో పగిలిన రొట్టెలే రాత్రి భోజనం. ఒకరోజు బాగా వచ్చి, రెండు రోజుల తర్వాత అదే పిండితో అన్నీ అంచుల దగ్గర విచ్చుకున్నాయి. నా చేతిదే తప్పనుకుని ఏడుపొచ్చింది. అత్తమ్మ పిండి వేళ్లతో నలిపి చూసి, "నీదేం లేదు బిడ్డా, పిండి సచ్చింది. రేపు మల్ల పట్టియ్యి" అంది. జొన్నపిండి పట్టించి పెట్టుకుంటే రోజు రోజుకీ జిగి పోతుంది. అప్పటినుంచి రెండు రోజులకు సరిపడానే గిర్నీకి పంపడం మొదలుపెట్టాం. మిగతా లెక్కలన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడ్డాయి, ఎందుకంటే పిండి నిల్వ పెట్టలేనప్పుడు చవగ్గా దొరికిందని మూటలకొద్దీ కొని ఒకేసారి పట్టించి పెట్టుకునే వీలుండదు.

పెట్టుబడికి నా కమ్మలు తాకట్టు పెట్టాను. ఆ ఆగస్టులో బంగారం పది గ్రాములు 56 వేలు దాటింది. కొనేవాళ్లకు గుండె ఆగిందేమో గానీ తాకట్టు పెట్టేవాళ్లకు అదే కాస్త మేలు చేసింది. 18 వేలు వచ్చాయి. సామానుకు 11,350 అయింది. మియాపూర్‌లో మూసేసిన మెస్ వాళ్ల దగ్గర ఇనప టేబుల్, రెండు మూతుల పొయ్యి, రెండు మందపాటి పెనాలు సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాం. ఆ మెస్ ఓనరు మాకు సామాను ఎత్తిస్తూ, టేబుల్ కాళ్లకున్న మరక తన లుంగీతో తుడిచాడు. బేరం ఆడాలని వెళ్లినదాన్ని, నోరు రాక అడిగినంత ఇచ్చేశాను.

మొదటి రోజు సెప్టెంబర్ 10. మా కాలనీ పక్కన గురువారం అంగడి అప్పుడే మళ్లీ మెల్లగా మొదలైంది. ఒక వైపు ఎండుచేపలు, ఇంకో వైపు ప్లాస్టిక్ బకెట్లు, మధ్యలో మాకు నాలుగడుగుల జాగా. జాగా పైసలు 50. ఆరు కిలోల పిండి తీసుకెళ్లాను. కిలోకు 12 రొట్టెలు వస్తాయి, అంటే 72. ఇంటి దగ్గర ఉండగానే వాటిని అమ్మి, ఆ డబ్బులో కొంత ఖర్చు కూడా పెట్టేశాను, మనసులో.

రెండు మాస్కులు పెట్టుకున్నాను. వైరస్‌కు ఒకటి చాలు, రెండోది సిగ్గుకు. ఏడేళ్లు "గుడ్ మార్నింగ్ టీచర్" అనిపించుకున్న కాలనీల మధ్య రోడ్డు మీద పిండి చేతులతో నిలబడటం ఎలా ఉంటుందో నిలబడితే గానీ తెలియదు. నోరెత్తి పిలవలేకపోయాను. క్లాసులో నలభై మందిని గదమాయించే గొంతు అక్కడ పెగల్లేదు. చివరికి ఎండుచేపలామె తన గిరాకీని పక్కన పెట్టి, "అక్కా రొట్టెలు, వేడి రొట్టెలు" అని నా తరఫున అరిచింది. బోణీ కూడా ఆమెదే. ఆ రోజు 19 రొట్టెలు పోయాయి.

రొట్టె 12 రూపాయలని పెట్టాను. అదొక తెలివితక్కువ పని. కొన్నవాళ్లంతా ఇరవై నోటు ఇస్తారు, నా దగ్గర ఎనిమిది చిల్లర ఎక్కడుంటుంది? ఎవరి చెయ్యీ ముట్టుకోవడం ఇష్టం లేని రోజులు కూడా. వారం తిరక్కుండా 15 చేశాను. ధర పెరిగిందని ఒక్కరూ అడగలేదు. నిజానికి 15కే అమ్మకం పెరిగింది, రెండు ముప్పై, నాలుగు అరవై అని నోట్లోనే లెక్క తేలిపోయేది కాబట్టి.

తెల్లజొన్నలు అప్పుడు మాకు కిలో 42కు పడ్డాయి, గిర్నీకి 6. అంటే రొట్టెకు పిండి 4 రూపాయలు. గ్యాస్ రూపాయిన్నర, కాగితం, కవరు అర్ధరూపాయి. ఆరు రూపాయల్లో రొట్టె తయారు. గ్యాస్ దగ్గర ఒక మాట చెప్పాలి. మొదటి పది రోజులు ఇంట్లో వాడే ఎర్ర సిలిండరే పట్టుకెళ్లాను. బజ్జీల బండి అన్న చూసి, "టీచరమ్మా, అది ఇంటికే, కనబడితే పట్టుకపోతరు. వ్యాపారానికి 19 కిలోలదే వాడాలె" అన్నాడు. డిపాజిట్ కట్టి అది తీసుకునేసరికి తాకట్టు డబ్బులో మిగిలినవీ దాదాపు అయిపోయాయి. మొదలుపెట్టేవాళ్లెవరైనా ఈ ఖర్చు ముందే రాసుకోవాలి, నేను రాసుకోలేదు.

అంగడి వారానికి ఒక్కరోజే. మిగతా రోజులు మందుల షాపు పక్క ఫుట్‌పాత్ మీద సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిది దాకా. షుగర్ మాత్రలు కొన్నవాళ్లు అటు తిరిగితే మా పెనం కనబడాలని ఎంచుకున్న జాగా అది. ఆ తెలివి నాదే, అందుకని చెప్పుకుంటున్నాను. అక్కణ్నుంచి మమ్మల్ని మూడుసార్లు లేపారు. మూడుసార్లూ పది గజాలు జరిగి, వారానికి మళ్లీ పాత చోటికే వచ్చాం.

అక్టోబర్‌లో కాస్త ధైర్యం వచ్చి కూరలు కూడా పెట్టాను. పప్పు, గుత్తొంకాయ. తొమ్మిది రోజుల్లో 1,900 నష్టం. ఎందుకు ఆడదో ముందే తెలిసి కూడా చేశాను, కూర అందరింట్లో ఉంది మరి. మిగిలిన పప్పు ఇంట్లో తినలేక, పారబోయలేక నానా అవస్థ. చివరికి పచ్చిమిర్చి, పల్లీలు నూరిన తొక్కు ఒక్కటే ఉంచాం, చిన్న డబ్బా 10 రూపాయలు. రొట్టెతో ఉల్లిగడ్డ ముక్క ఊరికే ఇచ్చేదాన్ని. ఆ నెలలోనే ఉల్లిగడ్డ కిలో 80 దాటింది. "ముక్క లేదా?" అని అడిగినవాళ్లకు నిమ్మకాయ చెక్క చేతిలో పెట్టాను. అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచిన వానలో మా జొన్నల మూట కూడా తడిసింది. ఆరబెట్టి చూశాం, ముక్కిపోయింది. ఐదు రోజులు బండి లేదు.

వాన తర్వాత వారమే ఆ పిల్లాడు వచ్చాడు. టేబుల్ ముందు ఒక అట్టముక్క మీద "వేడి వేడి జొన్న రొట్టెలు" అని స్కెచ్ పెన్నుతో రాసి వేలాడదీశాను. వాళ్ల నాన్నతో మందుల షాపుకు వచ్చినవాడు అట్ట ముందు ఆగిపోయాడు. నా కళ్లు తప్ప ఏమీ కనబడట్లేదు. నేను తల దించుకుని పిండి పిసుకుతున్నాను. వాడు అట్టనే చూస్తూ, "నాన్నా, ఇది మా తెలుగు టీచర్ రాత" అన్నాడు. వాళ్ల నాన్న ఊరుకోమంటున్నా వినడు. "ట కింద ఒత్తు టీచర్ ఇట్లనే తోక తిప్పి రాస్తుంది, నాకు అందుకే రెండు మార్కులు కట్ చేసింది, నేను తోక తిప్పలేదని." నాకు నవ్వొచ్చింది, మాస్కు లోపల. "తోక తిప్పలేదని కాదురా, ఒత్తే మర్చిపోయావు" అన్నాను. అంతే, దొరికిపోయాను.

వాళ్ల నాన్న ఏమనాలో తెలియక పది రొట్టెలు కట్టమన్నాడు. ఇంట్లో ముగ్గురే అని తర్వాత తెలిసింది. మరుసటి రోజు నుంచి స్కూలు తల్లుల వాట్సాప్ గ్రూపులో మా బండి ఫొటో తిరిగింది. కొందరు జాలితో వచ్చారు, ఒకసారి కొని మళ్లీ రాలేదు. రొట్టె నచ్చినవాళ్లు మిగిలారు. రెండో మాస్కు ఆ వారంలోనే తీసేశాను, ఎలాగూ ఊపిరాడేది కాదు.

నవంబర్‌లో బళ్ల వాళ్లంతా వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి లోన్ గురించే మాట్లాడుకున్నారు. అప్పట్లో పది వేలు, ఏడాదిలో కట్టాలి, సక్రమంగా కడితే ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ ప్రభుత్వమే తిరిగి ఇచ్చేది. పక్కన బత్తాయిలమ్మే ఆమెకు వచ్చింది. నేనూ కాగితాలు పట్టుకుని వెళ్లాను. అప్పుడున్న నిబంధన ప్రకారం 2020 మార్చి 24 నాటికే వీధిలో అమ్ముతున్నవాళ్లకే అది. అంటే లాక్‌డౌన్‌లో దెబ్బతిన్న వ్యాపారులకు, దెబ్బతిని వ్యాపారులైనవాళ్లకు కాదు. "ముందు నుంచే ఉన్ననని రాయి, ఎవరు చూడొచ్చిన్రు" అన్నారు పక్కవాళ్లు. ఆ మార్చిలో స్కూలు మూసేదాకా నేనెక్కడున్నానో హాజరు పట్టీలోనే ఉంది. కాగితాలు మడిచి తెచ్చేసుకున్నాను. ఆ తిరుగుడులో నాకు దక్కిందల్లా క్యూఆర్ కోడ్ పెట్టుకోవాలన్న ఆలోచన. అది పెట్టాక చిల్లర బాధ పూర్తిగా పోయింది.

ఆ నెలాఖర్లో, వరుసగా రెండో త్రైమాసికం కూడా పడిందనీ, దీన్నే మాంద్యం అంటారనీ టీవీలో వివరించారు. అప్పటికి మేం రోజుకు 80 రొట్టెల దగ్గరున్నాం. ఇంకా ఎక్కువే అడిగేవాళ్లు. కానీ ఒక పెనం మీద గంటకు పాతిక మించవు, నా భుజం అంతకన్నా లేవదు. గిరాకీ లేదన్న భయంతో మొదలైన బండికి చేతులు చాలని బాధ వచ్చింది. రొట్టెకు 9 చొప్పున రోజుకు 720, జాగాకూ చిల్లర ఖర్చులకూ పోగా నెలకు 17 వేలు అటూ ఇటూ. నా జీతం కన్నా ఎక్కువే, కాకపోతే అందులో ఇద్దరి చాకిరీ ఉంది. అత్తమ్మ ఇంట్లో కూర్చుని పిండి జల్లించి, ముద్దలు కలిపి పంపేది. ఆమె వాటా అని నెలకు వెయ్యి చేతిలో పెడితే, తీసుకోనని అలిగి, మరుసటి నెల మాత్రం ఒకటో తారీఖునే గుర్తుచేసింది.

ఉద్దెర పెట్టొద్దని అందరూ చెప్పారు. నేను ఒక్కరికే పెట్టాను, ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు. ఆయన నెలాఖరుకు తన లెక్క తనే చెప్పేవాడు, నా నోటుబుక్కులో ఉన్నదానికన్నా ఎప్పుడూ ఒక రొట్టె ఎక్కువే ఉండేది.

2021 ఏప్రిల్‌లో, జీతాల్లేని ప్రైవేటు టీచర్లకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. నా పేరూ వచ్చింది. రేషన్ షాపులో బియ్యం మూట ఎత్తుకుంటుంటే డీలరు గుర్తుపట్టి, "రొట్టెల టీచరమ్మకు బియ్యమా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మేం అన్నం తిని ఎన్ని రోజులైందో అతనికేం తెలుసు.

అదే నెల 20 నుంచి రాత్రి తొమ్మిదికి కర్ఫ్యూ, మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. మొదట్లో పొద్దున ఆరు నుంచి పదింటి దాకే సడలింపు. పొద్దున్నే జొన్న రొట్టె ఎవరు కొంటారు? రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాం. అత్తమ్మే అంది, "మా దిక్కు పొలాలకు పోయేటప్పుడు కడక్ రొట్టెలు కట్టుకపోతుంటిమి, పదిహేను రోజులైనా ఏం కావు." పల్చగా కొట్టి, సన్నటి సెగ మీద అప్పడంలా కరకరలాడేదాకా ఎండబెట్టడమే. కవరుకు ఆరు రొట్టెల చొప్పున కట్టి కిరాణా షాపుకు ఇస్తే, అతను "దీని మీద ఫుడ్ లైసెన్సు నంబర్ ఏది?" అన్నాడు. ఎనిమిది నెలలుగా అమ్ముతున్నా ఆ సంగతి పట్టించుకోలేదు. తీరా చూస్తే మాలాంటి చిన్నవాళ్లకు అప్పట్లో రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఫొటో, గుర్తింపు కార్డు పెట్టి ఆన్‌లైన్‌లో కట్టాం. పద్నాలుగు అంకెల నంబర్ వచ్చింది. దాన్ని ప్రతి కవరు మీదా నా రాతతోనే రాశాను, పక్కన చేసిన తేదీ, బరువు. బండి పెట్టిన రోజే చేయాల్సిన పని.

ఆ ఐదు వారాలూ కడక్ రొట్టెలే ఇల్లు నడిపాయి. జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశాక సాయంత్రాలు మళ్లీ పొయ్యి వెలిగింది. కమ్మలు జూలైలో విడిపించుకున్నాను.

ఆగస్టు ఆఖర్లో స్కూలు నుంచి ఫోన్. సెప్టెంబర్ ఒకటి నుంచి బడులు తెరుస్తున్నారు, రమ్మన్నారు. జీతం ప్రస్తుతానికి 9 వేలు, తర్వాత చూద్దామన్నారు. గిర్నీ దగ్గర నా వంతు కోసం నిలబడి ఉన్నాను, ఆ చప్పుడులో సరిగా వినబడక రెండుసార్లు చెప్పించుకున్నాను.

"బడి ఎన్నింటికి వదుల్తారు సార్?" అని అడిగాను.

నాలుగింటికి అన్నారు.

"అయితే వస్తాను సార్. కానీ కాపీలు ఇంటికి తీసుకెళ్లి దిద్దడం మాత్రం కుదరదు, పిండి అంటుతుంది" అన్నాను.